మూడున్నర అడుగుల పెద్దామెకు పాలమూరు మట్టిలో ఒక బొమ్మ కావాలి

తెలంగాణ వారసత్వ శాఖ అధికారులకు, పిల్లలమర్రి, పానగల్లు మ్యూజియంల బాధ్యులకు, పాలమూరు, నల్లగొండ వైపు మట్టి పని చేసే కుమ్మరి అన్నలకు, అక్కలకు నమస్కారం.

నేను మక్తల్ దగ్గర ఒక సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్తాను. పదో తరగతిలో పరిణామం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలను ఒక ప్రశ్న అడుగుతాను. "వేల ఏళ్ల కింద మనుషులు ఎంత ఎత్తుండేవాళ్లు?" ఏ ఏడు అడిగినా జవాబు ఒకటే. "ఏడడుగులు సారూ", "కాదు, తాటిచెట్టంత". వాళ్లు అట్లా అనడంలో తప్పేమీ లేదు. మన చేలగట్ల మీద పెద్ద పెద్ద బండలు నిలబెట్టి కట్టిన పాత సమాధులను మనవాళ్లు రాకాసి గుళ్లు అంటారు. కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో రెండు నిలువుల ఎత్తున్న రాళ్లు పొలాల మధ్య వరుసగా నిలబడి ఉంటాయి. వాటిని చూసిన పిల్లవాడు, ఇవి ఎత్తినోళ్లు రాక్షసులే అయి ఉండాలి అనుకుంటాడు. ఆ రాళ్లు నిలిపింది మనంత ఎత్తు మనుషులేనని చెప్తే సగం నమ్ముతారు. ఆ తర్వాత, అంతకంటే చాలా ముందు, పెద్దవాళ్లయ్యాక కూడా మీ చెల్లెలంత ఎత్తులోనే ఉన్న మనుషులు ఉండేవాళ్లని చెప్తాను. అక్కడ క్లాసు మొత్తం నిశ్శబ్దం అవుతుంది.

ఆ నిశ్శబ్దంలో వాళ్ల చేతుల్లో పెట్టడానికి నా దగ్గర ఒక బొమ్మ ఉండాలి. ఈ ఉత్తరం దాని కోసమే.

నేను చెప్తున్న మనుషులు ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో ఉండేవాళ్లు. 2003 సెప్టెంబర్‌లో అక్కడ లియాంగ్ బువా అనే గుహలో ఇండోనేషియా, ఆస్ట్రేలియా పురావస్తు బృందం తవ్వుతుంటే, సుమారు ఆరు మీటర్ల లోతున ఒక అస్థిపంజరం బయటపడింది. లియాంగ్ బువా అంటే అక్కడి వాళ్ల మాటలో చల్లని గుహ అని అర్థం. ఎముకలు ఇంకా రాయిగా మారలేదు. తడిసిన కాగితంలా మెత్తగా ఉండి, ముట్టుకుంటే విరిగేటట్టు ఉన్నాయట. వాటిని ఆరనిచ్చి, గట్టిపరిచి, జాగ్రత్తగా పైకి తీశారు. 2004 అక్టోబర్‌లో లోకానికి చెప్పారు. హోమో ఫ్లోరెసియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం ఒక ఆడమనిషిది. వయసు దాదాపు ముప్పై. ఎత్తు సుమారు 106 సెంటీమీటర్లు, అంటే మూడున్నర అడుగులు. మెదడు సుమారు 400 ఘన సెంటీమీటర్లు, మన మెదడులో మూడో వంతు కూడా లేదు. ఎల్‌బీ1 అన్నది ఆమెకు ఇచ్చిన నంబరు.

బోర్డు మీద సుద్దతో 106 సెంటీమీటర్ల గీత గీసినప్పుడు మా బడిలో ఒక అమ్మాయి లేచి, "సారూ, గీమె నిజంగ పెద్దామెనా? మా చెల్లె గింతనే ఉంటది, అంగన్‌వాడీకి పోతది" అంది. మంచి ప్రశ్న. శాస్త్రవేత్తలు కూడా మొదట అడిగింది అదే. జవాబు ఆమె నోట్లో ఉంది. జ్ఞానదంతాలు పూర్తిగా వచ్చి ఉన్నాయి. వచ్చి ఊరుకోలేదు, నమిలి నమిలి అరిగి ఉన్నాయి. చిన్నపిల్లకు జ్ఞానదంతాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ మాట చెప్పగానే వెనక బెంచీ వాళ్లు కూడా నాలుకతో దవడ చివర తడుముకున్నారు.

నిరుడు సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఈ అంశమే తీసుకున్నాం. మనిషి బంధువులందరినీ ఒకే కొలతలో, వరుసలో నిలబెట్టాలని పిల్లల కోరిక. అప్పటి నుంచి బొమ్మ కోసం తిరగడం మొదలైంది. కురుమూర్తి జాతరలో బొమ్మల దుకాణాలన్నీ చూశాం. ప్లాస్టిక్ డైనోసార్లు బుట్టలకు బుట్టలు ఉన్నాయి, సైనికులున్నారు, జేసీబీలున్నాయి, మనిషి పూర్వీకుడు ఒక్కడూ లేడు. హైదరాబాద్ వెళ్లినప్పుడు పెద్ద దుకాణాల్లో అడిగాను. ఆన్‌లైన్‌లో ఆదిమానవుల సెట్ అని ఒకటి దొరికితే తెప్పించాను. విప్పి చూస్తే అందరూ మగవాళ్లే, అందరూ ఒకే ఎత్తు, అందరి చేతుల్లో గదలాంటి కర్ర. ఫ్లోరెస్ మనుషులకు ఒక ఇంగ్లిష్ కల్పిత కథలోని పొట్టివాళ్ల పేరు, హాబిట్ అని, ముద్దుపేరుగా పడింది. ఆ పేరుతో వెతికితే గడ్డాలు, కత్తులు, డాళ్లతో ఉన్న కథల బొమ్మలు వందల్లో వచ్చాయి. మాకు కావలసిన ఆమె ఒక్క బొమ్మగా కూడా దొరకలేదు.

టైమ్ దగ్గర పడింది. టెన్షన్‌లో, ఇంట్లో ఉన్న చిన్న పాప బొమ్మకు గోధుమ రంగు పూసి వరుసలో నిలబెట్టాం. ఎగ్జిబిషన్‌లో చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన, "చిన్నపిల్ల బొమ్మ పెట్టి ఆదిమానవురాలు అంటారేందమ్మా?" అని మా అమ్మాయిని అడిగారు. ఆమె జ్ఞానదంతాల సంగతి చెప్పింది. ఆయన బొమ్మ వైపు చూశారు, మళ్లీ అమ్మాయి వైపు చూశారు, నవ్వి వెళ్లిపోయారు. ఆయనను నేను తప్పు పట్టను. కంటికి కనిపించింది గుండ్రటి బుగ్గల పసిపిల్ల. నోటితో ఎంత చెప్పినా కన్ను చెప్పిందే నిలుస్తుంది. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ మా అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత ఒక స్నేహితుడు లూసీ బొమ్మ ఇచ్చాడు. లూసీ ఇథియోపియాలోని హడార్‌లో 1974లో దొరికిన ఎముకల గూడు, సుమారు 32 లక్షల ఏళ్ల కిందటిది. ఆమె ఎత్తు కూడా దాదాపు మూడున్నర అడుగులే, మెదడు కూడా చిన్నదే. ఎత్తు సరిపోయింది కదా, ఇదే పెట్టుకో అన్నాడు. పెట్టలేకపోయాను. ఇద్దరి మధ్య ముప్పై లక్షల ఏళ్లకు పైగా దూరం ఉంది. లూసీ ముఖం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, నమిలే పళ్లు పెద్దవి. ఫ్లోరెస్ ఆమె ముఖం అంత ముందుకు రాదు, పళ్లు చిన్నవి. ఆమె మనుషులు రాతి పనిముట్లు చేశారు, గుహలో వాటి పెంకులు వేలల్లో దొరికాయి. మరుగుజ్జు ఏనుగులాంటి స్టెగోడాన్ ఎముకల మీద ఆ పనిముట్ల గాట్లు కూడా ఉన్నాయి. పొట్టోడికి పుట్టెడు బుద్ధులు అని మనవాళ్లు ఊరికే అనలేదు. మూడో వంతు మెదడుతో ఇంత పని చేసిన ఆమెను ఇంకొకరి బొమ్మతో సరిపెట్టడం నాకు మనసొప్పలేదు.

చివరికి దారి చూపింది మన మట్టే. జ్యేష్ఠ మాసంలో మట్టి ఎద్దుల అమావాస్యకు మా వైపు ఇంటింటా ఎద్దుల జత పెట్టి పూజ చేస్తారని మీకు తెలుసు. ఆ ఎద్దులు చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అంగుళం ముక్కలో మూపురం, గంగడోలు, కొమ్ముల వంపు తెప్పించే చేయి ఆయనది. నేను ముద్రించి తీసుకెళ్లిన అస్థిపంజరం ఫోటో, కొలతల కాగితం చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. మొదటి బొమ్మ పావుగంటలో చేశారు. చేతిలోకి తీసుకుని చూస్తే మళ్లీ చిన్నపిల్లే.

"తాతా, ఈమె పెద్దామె" అన్నాను.

ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పారు. "పిల్లల తల పెద్దగుంటది సారూ. నా చెయ్యి పిల్లగాళ్లకు అలవాటైంది" అని, బొటనవేలితో తల నుంచి మట్టి గిల్లి తీసేశారు. గిల్లిన మట్టిని పారెయ్యలేదు, అరికాలికి అంటించారు. నేను చెప్పకముందే ఆయన కన్ను ఫోటోలో అసలు సంగతి పట్టేసింది. ఆమె పాదాలు చాలా పొడుగు. సుమారు 20 సెంటీమీటర్ల పాదం, తొడ ఎముక పొడవులో 70 శాతం. మనకు అది 55 శాతం దగ్గర ఉంటుంది. అరికాలు మనలా వంపు తిరిగి ఉండదు, బొటనవేలు పొట్టి. ఇంత పాదంతో నడవాలంటే మనకంటే కాలు పైకెత్తి వెయ్యాలి. తాత ఆ బొమ్మ కాలు కొంచెం మోకాలి దగ్గర ఎత్తిపెట్టారు. చేతులు మోకాళ్ల వైపు పొడిగించారు. గడ్డం ముందుకు రాకుండా చదును చేశారు, ఎందుకంటే ఆమెకు మనలా గడ్డపు ఎముక లేదు. భుజాలు కాస్త ముందుకు వంచారు. నా కళ్ల ముందే పసిపిల్ల పోయి ఒక పెద్దామె నిలబడింది. బిడ్డలను కని ఉండవచ్చు, ఎండకు తిరిగి ఉండవచ్చు, అలసిపోయి ఉండవచ్చు అనిపించే మనిషి.

"ఈమె పేరేంది?" అన్నారు తాత. నంబరు చెప్పాను. "గదేం పేరు" అని కాలి మడమ దగ్గర ఇంకోసారి తడి వేలు రాశారు.

ఆ బొమ్మ ఇప్పుడు మా బడి బీరువాలో ఉంది. దాని ముందు నిలబడిన ఏ పిల్లా ఇంతవరకు "చిన్నపిల్ల" అనలేదు.

కుమ్మరి అన్నలారా, అక్కలారా, అందుకే ముందు మీకు చెప్తున్నాను. ఈ పని ప్లాస్టిక్ అచ్చుల వల్ల కాదు, మీ చేతుల వల్ల అవుతుంది. కొలత ఒకటి పట్టుకుందాం: అసలు ఎత్తులో పదో వంతు. అప్పుడు ఈమె పదిన్నర సెంటీమీటర్లు, బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. పక్కన ఇప్పటి మనిషి పదహారు, పదిహేడు సెంటీమీటర్లు. లూసీ కూడా పదిన్నర. దక్షిణాఫ్రికాలో రైజింగ్ స్టార్ గుహలో 2013లో దొరికిన హోమో నలేడి అనే ఇంకో పాత జాతి మనిషి సుమారు పద్నాలుగున్నర. ఫ్లోరెస్‌లో వీళ్లతో పాటు బతికిన ఒక కొంగ ఉండేది, ఎత్తు ఆరడుగులు. కొలతలో అది పద్దెనిమిది సెంటీమీటర్లు వస్తుంది. పదిన్నర సెంటీమీటర్ల మనిషి పక్కన పద్దెనిమిది సెంటీమీటర్ల కొంగను నిలబెట్టి చూడండి, పిల్లలకు ఇంక మాటలతో పనిలేదు. ఆ దీవిలో ఏనుగు జాతి కుదించుకుపోయింది, ఎలుక పెరిగిపోయింది. ఆ పెద్ద ఎలుక జాతి ఇప్పటికీ అక్కడ ఉంది, కొమొడో డ్రాగన్ అనే పెద్ద బల్లి కూడా ఉంది. చుట్టూ సముద్రం, లోపల తిండి కొంచెమే, వేటాడే పెద్ద మృగాలు తక్కువ అయినప్పుడు తరాలు గడిచేకొద్దీ పెద్దవి చిన్నవవుతాయి, చిన్నవి పెద్దవవుతాయి. ఈ మనుషులు కూడా జావా వైపు ఉన్న హోమో ఎరెక్టస్ అనే పాత మనిషి జాతి నుంచి వచ్చి అట్లా కుదించుకుపోయారని చాలామంది శాస్త్రవేత్తల మాట. కాదు, మొదటి నుంచీ చిన్నగా ఉన్న ఇంకా పాత జాతి నుంచే వచ్చారని మిగతావాళ్ల మాట. బొమ్మ చెయ్యడానికి ఆ తగువు అడ్డం రాదు.

చెయ్యకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. బొమ్మ పక్కన నిప్పు పెట్టవద్దు. గుహలో నిప్పు రాజేసిన ఆనవాళ్లు తర్వాత వచ్చిన మనలాంటి మనుషుల కాలానివి. ఒళ్లంతా కోతిలా వెంట్రుకలు అతికించవద్దు. ఎముకలు వెంట్రుకల గురించి ఏమీ చెప్పవు. చేతిలో రాతి పెంకు మాత్రం పెట్టండి, దానికి సాక్ష్యం ఉంది. ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ దీవిలో, కలావో గుహలో ఇంకో చిన్న జాతి ఆనవాళ్లు దొరికాయి. 2019లో హోమో లుజోనెన్సిస్ అని పేరు పెట్టారు. దొరికింది పదమూడు ముక్కలు: పళ్లు, చేతి వేళ్ల ఎముకలు, కాలి ఎముకలు, ఒక తొడ ఎముక ముక్క. పుర్రె లేదు. ఆ మనిషికి ముఖం చెయ్యవద్దని నా కోరిక. ఆ చిన్ని పళ్లను, వంపు తిరిగిన కాలి వేలి ఎముకను మట్టితో చేసి ఒక పలక మీద పెట్టండి, దాని వెనక మనిషి ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలెయ్యండి. తెలిసింది ఎంతో, తెలియనిది ఎంతో పిల్లవాడు ఒక్క చూపులో పట్టుకుంటాడు.

ఇప్పుడు అధికారులకు.

పిల్లలమర్రికి వచ్చే పిల్లలు మర్రిచెట్టు చూసి, మ్యూజియంలో శిల్పాలు చూసి వెళ్తారు. పానగల్లులో పచ్చల సోమేశ్వరుడి గుడి దగ్గర ఉన్న మ్యూజియం కూడా బడి పిల్లలకు అందుబాటులోనే ఉంది. ఈ రెండు చోట్లా ఒక్కో గాజు పెట్టె, ఒక్కో మూల ఇవ్వండి. పదో వంతు కొలతలో ఆరేడు బొమ్మలు చాలు. మన కృష్ణ లోయలో పాత రాతియుగం పనిముట్లు దొరికాయి, నాగార్జునకొండ తవ్వకాల్లో అవి బయటపడ్డాయి. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున హత్నోరాలో 1982లో ఒక పాత మనిషి కపాలం పైభాగం దొరికింది, తర్వాత అక్కడే ఒక పొట్టి కాలర్ ఎముక కూడా దొరికింది. అంటే ఈ కథ ఎక్కడో సముద్రం అవతలిది మాత్రమే కాదు. మన ఇంటి దాకా ఆ దారి వచ్చింది. మన రాతి పనిముట్లు ఉన్న గది పక్కనే ఈ బొమ్మలు ఉంటే పిల్లలకు రెండూ కలుస్తాయి.

అట్లాగే ఒక చెక్కపెట్టెలో రెండో సెట్ పెట్టి బడులకు వారం చొప్పున అరువు ఇచ్చే ఏర్పాటు చెయ్యండి. గాజు వెనక ఉన్నది చూడటానికే. చేతిలోకి తీసుకున్నది పిల్లవాడు మరిచిపోడు. మట్టి బొమ్మ విరిగితే విరుగుతుంది. మా బొమ్మ కూడా బస్సులో ఒకసారి చీలమండ దగ్గర విరిగింది, తాత మళ్లీ అతికించి ఇచ్చారు. చేసే చేయి పక్క ఊళ్లోనే ఉన్నప్పుడు విరిగినదాని గురించి భయం ఎందుకు? పని మాత్రం ఊరికే చేయించవద్దు. కొలతలు ఇచ్చి, ఒక శాస్త్రం తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టి, బొమ్మకు ఇంత అని ముందే మాట్లాడి, కళాకారుడి పేరు చీటీ మీద రాయండి. అమావాస్యకు నాలుగు రోజులు నడిచి మిగతా ఏడాదంతా ఆగిపోయే పనికి ఇది కూడా ఒక ఆధారం అవుతుంది.

చీటీల మీద రాసే మాటల గురించి గట్టిగా అడగాల్సింది ఒకటి ఉంది. మరుగుజ్జు, కోతిమనిషి అని రాయవద్దు. మా బడిలో ఎత్తు పెరగని ఒక అబ్బాయి చదువుకున్నాడు. లెక్కల్లో అందరికంటే ముందుండేవాడు. అయినా ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవలేదు. అలాంటి పిల్లలు ఈ గాజు పెట్టె ముందు నిలబడతారు. ఫ్లోరెస్ వాళ్లు వేరే జాతి, ఆ జాతిలో అందరూ అంతే ఎత్తు, అది వాళ్లకు లోటు కాదు. ఇవాళ మన మధ్య ఎత్తు తక్కువ ఉన్నవాళ్లు పూర్తిగా మనవాళ్లే. ఈ తేడా చీటీ మీద పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలి.

ఇంకో మాట కూడా చీటీలో చేర్చండి, ఎందుకంటే పెద్దలు అడుగుతారు. మా తోటి టీచర్ ఒకరు నన్ను అడిగారు: "ఏదో జబ్బు వచ్చి ఎదగని మనిషిని పట్టుకుని కొత్త జాతి అంటున్నారేమో?" కొందరు శాస్త్రవేత్తలు నిజంగానే మొదట్లో ఆ వాదన చేశారు. కానీ ఆ గుహలోనే ఇంకా కొందరి ఎముకలు దొరికాయి, వాళ్లూ చిన్నవాళ్లే. అదే దీవిలో మాటా మెంగే అనే చోట సుమారు 7 లక్షల ఏళ్ల కిందటి దవడ ముక్క, పళ్లు దొరికి 2016లో ప్రకటించారు. 2024లో అక్కడి చేతి ఎముక ముక్క గురించి చెప్పారు. ఎముక లోపలి నిర్మాణం చూసి అది ఎదిగిన మనిషిదేనని తేల్చారు. ఆ మనిషి ఎత్తు సుమారు ఒక మీటరు, అంటే ఎల్‌బీ1 కంటే కూడా తక్కువ. 7 లక్షల ఏళ్ల కింద నుంచీ ఒకే దీవిలో అందరికీ ఒకే జబ్బు ఉండదు కదా. గుహలో దొరికిన ఎముకలు మొదట 18 వేల ఏళ్ల కిందటివి అనుకున్నారు, 2016లో మళ్లీ లెక్క కట్టి లక్ష నుంచి 60 వేల ఏళ్ల కిందటివని సరిదిద్దారు. కాబట్టి ఇప్పుడు దొరికే పాత పుస్తకాల్లోని 18 వేల లెక్కను చీటీల్లో ఎక్కించవద్దు.

నా దగ్గర కొలతల కాగితం సిద్ధంగా ఉంది, ఒక్కో బొమ్మకు తల, భుజం, చేయి, పాదం ఎంతెంత ఉండాలో తెలుగులో రాసి పెట్టాను. మా తాత చేసిన బొమ్మను నమూనాగా తెచ్చి ఇస్తాను. మళ్లీ వచ్చే మట్టి ఎద్దుల అమావాస్య నాటికి పని మొదలైతే, ఆ ఎద్దులు కాలే ఆవంలోనే ఇవి కూడా కాల్చుకోవచ్చని తాత చెప్పారు. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు, సెలవు పెట్టి అయినా సరే, పిల్లలమర్రికి వస్తాను. ఎగ్జిబిషన్‌లో జ్ఞానదంతాల సంగతి చెప్పిన మా అమ్మాయి కూడా వస్తానంటోంది.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచర్,
మక్తల్ ప్రాంతం, ఉమ్మడి పాలమూరు జిల్లా